నాకేం పోదప్పా

పిల్లలూ, హిందూపురంలో మందులంగడి పెట్టుకున్న ఒకామె ఉండాది. ఏ డబ్బా చేతికిచ్చినా కళ్లద్దాలు నొసటికెత్తి, ముక్కు దగ్గర పెట్టుకుని అక్షరమక్షరం చదువుతుంది. వెనకాల ఎంతమంది నిలబడినా లెక్కజేయదు.

నా ఎముకలు గుల్లబారినాయని మీరు పంపినారే స్ట్రాన్షియం మాత్రలు, అవి పదే మిగిలినాయి. పాత డబ్బా చేతికిచ్చి ఇంకోటి ఇమ్మని ఆమెనడిగినా. చదివి, "ఎముక సంగతి సరే, గుండెనడిగినావా అవ్వా? కాల్లో రక్తం ఎప్పుడన్నా గడ్డకట్టిందా?" అనింది.

"రెండేండ్ల కింద కట్టింది, తగ్గిపోయిందిలేమ్మా."

"అయితే ఇయ్యను."

వెనకాలాయన విసుక్కున్నాడు. "అమ్మితే నీకేం పోతుందక్కా?"

"నాకేం పోదప్పా, అవ్వ పోతుంది!"

నాకు శానా కోపమొచ్చింది. ఆమె మీద చెప్పాలనే పుట్టపర్తిలో డాక్టరు దగ్గరికి పోయినా. ఆయనా అదే మాటన్నాడు. "దీంతో మళ్లా రక్తం గడ్డకట్టే భయముండాది, గుండెజబ్బోళ్లకీ మంచిది కాదు, ఆపేయవ్వా" అన్నాడు. ఆపేసినా.

మిగిలిన పది మాత్రలు పక్కింటామె అడిగింది. గుండె ఆపరేషనైన మనిషి. ఇయ్యనన్నా. నేను పిసినారిదాన్నంట, వీధంతా తిరిగి తిడతాంది. తిట్టనీ. తిట్టేదానికి ఆ మనిషి బతికుండల్ల గదా!