చేతులు ఖాళీ లేని పూట

మా పాపకి అప్పుడు రెండేళ్ల నాలుగు నెలలు. విశాఖపట్నంలో పిల్లల డాక్టరమ్మ దాన్ని తూకం మీద నిలబెట్టి, అంకె చూసి, ఫైల్లో పాత అంకె చూసి, "నాలుగు నెలల్లో ఏమీ పెరగలేదమ్మా" అంది. మామూలుగానే అంది. నేను పాపని తూకం మీంచి దింపి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను.

"అన్నం ఎలా పెడుతున్నారు?" అని అడిగింది.

పప్పన్నం మెత్తగా పిసికి, నెయ్యి వేసి, చిన్న ముద్దలు చేసి నేనే పెడతానని చెప్పాను. ఒక్కోసారి గంట పడుతుందని, అయినా బలవంతం చెయ్యనని చెప్పాను.

"ఫోన్ చూపిస్తారా?"

"లేదండి. మానేశాం."

ఆ రోజు పొద్దున అనకాపల్లిలో బస్సెక్కే ముందు కూడా ఫోన్‌లో పిల్లల పాటలు పెట్టాను. పాప నోరు తెరుచుకుని చూస్తుంటే ఇడ్లీ ముక్కలు లోపలికి తోశాను. బలవంతం చెయ్యనన్నది కూడా అబద్ధమే. ఎడమచేత్తో రెండు బుగ్గలూ నొక్కితే నోరు కొంచెం తెరుచుకుంటుంది. ఆ సందులోంచి పెట్టడం నాకు బాగా అలవాటైంది. అలా చెయ్యడం తప్పని నాకు తెలియకపోలేదు. అంతకు వారం ముందే చూశాను. మా అత్తగారు ఏటికొప్పాక నుంచి తెచ్చిన లక్కపిడతల్లో పాప ఉత్తుత్తి వంట చేసి, తన గుడ్డబొమ్మని ఒళ్లో పడుకోబెట్టుకుని, దాని బుగ్గలు నొక్కి పట్టుకుని గరిటె నోట్లో కుక్కుతోంది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూసి లోపలికి వెళ్లిపోయాను.

డాక్టరమ్మ కాగితం మీద రాస్తూ చెప్పింది. "నెల రోజులు చూద్దాం. తిండి గిన్నెలో వేసి ముందు పెట్టండి. తన చేత్తో తననే తిననివ్వండి. పారబోస్తే పారబొయ్యనివ్వండి. మీరు మాత్రం పెట్టకండి. అప్పటికీ బరువు పెరక్కపోతే రెండు రోజులు ఇక్కడ ఉంచి పరీక్షలన్నీ చేద్దాం."

కిందటేడు జ్వరానికి సెలైన్ పెట్టడానికి మూడుచోట్ల పొడిచారు. పాప చెయ్యి అంత సన్నం, నరం దొరకలేదు. "ఇక్కడ ఉంచి" అన్న మాట తర్వాత డాక్టరమ్మ ఇంకేం చెప్పిందో నేను వినలేదు. మెట్లు దిగాక కాగితం చదువుకున్నాను.

ఆసుపత్రి బయట మా ఆడపడుచు ఎదురుచూస్తోంది. మా ఆయన చెల్లెలు, విశాఖలోనే హాస్టల్లో ఉండి ఉద్యోగం చేస్తోంది. మా ఆయనకి ఫార్మా కంపెనీలో పగటి షిఫ్టు ఉన్న రోజుల్లో ఆసుపత్రికి తనే తోడొస్తుంది. నా మొహం చూసింది. కాగితం తీసుకుని చదివింది.

"పద వదినా. ఇయ్యాల నీకు రామెన్ తినిపిత్తాను" అంది.

"అదేంటి?"

"జపాన్ వాళ్ల నూడుల్స్. పెద్ద గిన్నెలో పులుసు పోసి ఇత్తారు. శనివారం కదా, నీచు లేంది చెప్తాన్లే, కంగారుపడకు."

నాకు ఇంటికి పోవాలని ఉంది. సంచిలో పాపకి పప్పన్నం డబ్బా ఉంది, ఎక్కడైనా నీడలో కూర్చుని పెట్టేసి బస్సెక్కుదామని అనుకున్నాను. కానీ ఆ అమ్మాయి అప్పటికే ఆటో ఆపేసింది.

బీచ్ రోడ్డుకి దగ్గర్లో ఉంది ఆ కొట్టు. బయట పాతికమంది దాకా నిలబడి ఉన్నారు. గుమ్మం దగ్గర ఒకమ్మాయి పేర్లు రాసుకుంటోంది. అద్దంలోంచి లోపల కనిపిస్తోంది. పొడుగాటి బల్లలు, వాటికి అటూ ఇటూ భుజాలు తగిలేలా మనుషులు, వెనక పెద్ద గంగాళాల్లోంచి ఆవిరి. ముప్పావుగంట నిలబడ్డాం. ఆ ముప్పావుగంటలో పాపకి ఆకలేస్తుందేమో, ఆకలేశాక నిద్రొచ్చేస్తే ఇక తినదేమో, సముద్రపు గాలికి జలుబు చేస్తుందేమో అని వరసగా భయపడ్డాను. మా ఆడపడుచు పాపని ఎత్తుకుని వచ్చేపోయే కుక్కల్ని చూపిస్తోంది.

పేరు పిలిచి లోపలికి పంపారు. గుమ్మం దాటగానే వంట దగ్గరున్న నలుగురూ ఒక్కసారి ఏదో గట్టిగా అరిచారు. నేను ఉలిక్కిపడ్డాను.

"రండి రండి అంటన్నార్లే. అక్కడ పద్ధతి అది" అంది మా ఆడపడుచు.

పాప కూడా "ఓయ్!" అని తిరిగి అరిచింది. బల్లల దగ్గర వాళ్లు నవ్వారు.

ఒక బల్ల చివర మాకు చోటిచ్చారు. పాపకి చిన్నపిల్లల కుర్చీ వేసి, దాని ముందు పలక బిగించారు. మా ఎదురుగా నీలం చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన ఒంటరిగా తింటున్నాడు. జుర్రుమని ఆయన చేస్తున్న చప్పుడు పక్క బల్లకి కూడా వినిపిస్తోంది. పాప కళ్లార్పకుండా ఆయన్నే చూస్తోంది.

బయటి తిండి తేవద్దని గోడ మీద రాసి ఉంది. నేను డబ్బా ఒళ్లో పెట్టుకుని పైన చున్నీ కప్పాను.

"ఏటొదినా, ఒళ్లో ఏటి దాత్తన్నావు?"

"ఏం లేదు."

"పప్పన్నమేనా? మూత తియ్యకు, నెయ్యి వాసనకి మొత్తం కొట్టంతా మన బల్ల దగ్గరికే వత్తాది."

పెద్ద గిన్నెలు వచ్చాయి. పులుసులో నూడుల్స్, పుట్టగొడుగులు, మొక్కజొన్న గింజలు, తెల్లటి సోయా ముక్కలు. మా ఆడపడుచు ఒక చిన్న గిన్నె అడిగి తీసుకుని, అందులో కొన్ని నూడుల్స్, కాస్త పులుసు వేసి ఊది, చల్లారాక పాప ముందు పెట్టింది. నా చెయ్యి దానంతటదే ముందుకెళ్లింది. ముక్కలు చేసి, మెత్తగా పిసికి ముద్ద చేద్దామని. తను నా మణికట్టు పట్టుకుంది.

"డాక్టరమ్మ ఏటి రాసింది?"

"ఈ ఒక్క పూటకే. బయటున్నాం కదా, వేడిగా ఉంది, గొంతుకి అడ్డం పడితే?"

"నేను చూత్తన్నానుగా. సరే, పందెం. ఈ పుల్లలతో నువ్వు నాలుగంటే నాలుగు నూడుల్స్ తిని చూపించు. అప్పుడు దానికి నువ్వే పెట్టు. నేను నోరెత్తను."

రెండు కర్రపుల్లలు నా చేతిలో పెట్టింది. ఎంతసేపులే అనుకున్నాను. బీఎస్సీలో ప్రాక్టికల్స్‌కి బొద్దింకని కోసి నరాలు విడదీసిన చెయ్యి ఇది. మొదటిసారి నూడుల్ జారి పులుసులో పడి నా మొహం మీద చిందింది. రెండోసారి ఒక పుల్ల కింద పడింది. వేరేవి తెప్పించుకున్నాం. గిన్నె మీదికి వంగి మూడోసారి పడుతుంటే, ఎదుటి పెద్దాయన ఆగలేక అన్నాడు.

"కింది పుల్ల కదపకూడదమ్మా. దాన్ని బొటనవేలు మొదట్లో ఇరికించీసి వదిలీ. పైదొక్కటే కదపాలి. నేను ఓడల్లో చేసేను, నాకూ నెల పట్టింది."

"నెలా?"

"నీకంత పట్టదులే. నీకు పట్టుదలెక్కువలాగుంది."

మా ఆడపడుచు పగలబడి నవ్వింది. నేను కింది పుల్ల ఇరికించాను. పైది కదిపాను. ఒక పుట్టగొడుగు ముక్క లేచింది, నోటిదాకా వచ్చింది, జారిపోయింది. దాన్ని మళ్లీ పట్టుకోవాలని నాకు నిజంగానే పంతం వచ్చింది. ఎంతసేపు అలా కూర్చున్నానో తెలియదు. కొట్టులో ఇన్ని గొంతులున్నా ఏమీ వినబడలేదు.

అప్పుడు పక్కన జుర్రుమని చిన్న చప్పుడైంది.

తల తిప్పాను. పాప పెదవుల మధ్య నుంచి ఒక పొడుగాటి నూడుల్ వేలాడుతోంది. ఎదుటి పెద్దాయన్ని చూస్తూ దాన్ని లోపలికి పీల్చింది. చివర ముక్కు మీద తగిలి పులుసు చుక్క పడింది. పాప కిలకిల నవ్వి, గిన్నెలో చెయ్యి పెట్టి ఇంకోటి తీసింది.

"చూడకు. అటు చూడకొదినా" అని మా ఆడపడుచు గుసగుసగా అంది. "ఇందాకట్నించీ తింటంది."

చిన్న గిన్నె సగం ఖాళీ అయింది. కొన్ని పలక మీద ఉన్నాయి, కొన్ని పాప జుట్టులో ఉన్నాయి, ఒకటి మా ఆడపడుచు చేతి గాజుకి చుట్టుకుని ఉంది. అవన్నీ తీసేసినా కొన్ని కడుపులోకి వెళ్లాయి. నేను లెక్కేస్తూనే ఉన్నాను.

అక్కడితో ఊరుకోవలసింది. ఊరుకోలేకపోయాను. నోరు తెరుస్తోంది కదా, ఈ ఊపులో నాలుగు ముద్దలు అసలైన తిండి పడితే బాగుణ్ణు అనిపించింది. పుల్లలు పక్కన పెట్టేసి, చున్నీ కింద డబ్బా మూత తీసి, వేళ్లతో చిన్న ముద్ద చేశాను.

"బంగారం, ఆ... అను. ఇదొక్కటే."

పాప నా చెయ్యి చూసింది. నోరు మూసేసింది. తల అటు తిప్పుకుంది. నేను ముద్ద అటువైపు తీసుకెళ్లాను. ఇటు తిప్పుకుంది. నా ఎడమచెయ్యి బుగ్గల దాకా వెళ్లింది. అంతమందిలో ఉన్నాననే స్పృహ వచ్చి వెనక్కి తీసుకున్నాను. పాప చిన్న గిన్నెని కూడా ముందుకి నెట్టేసింది. పులుసు పలకంతా పారింది.

పెద్దాయన తన గిన్నెలోకి చూసుకుంటున్నాడు. పాప మీద నాకు కోపం రాలేదు. అది భయపడిందని తెలిసింది. ఆసుపత్రి సూదికి కాదు, గోరంత అన్నం ముద్ద పట్టుకున్న నా చేతికి.

డబ్బా మూసి సంచిలో పెట్టాను. చెయ్యి తుడుచుకుని పుల్లలు తీసుకున్నాను. కుర్చీ కొంచెం గోడ వైపుకి జరుపుకుని, ఆ పుట్టగొడుగు ముక్క కోసమే మళ్లీ మొదలుపెట్టాను. మా ఆడపడుచు చప్పుడు చెయ్యకుండా పలక తుడిచి, గిన్నెలో ఇంకొన్ని నూడుల్స్ వేసింది. బయట ఇంకా జనం నిలబడి ఉన్నారు. వడ్డించే అమ్మాయి రెండుసార్లు వచ్చి ఇంకేమైనా కావాలా అని అడిగింది, అంటే లెమ్మని. మేం లేవలేదు. నా గిన్నెలో పులుసు చల్లారిపోయింది. చివరికి ముక్క దొరికింది, తిన్నాను. రుచి గుర్తులేదు.

చాలాసేపటికి పక్కన మళ్లీ జుర్రుమంది.

నేను తల తిప్పలేదు.

వచ్చేటప్పుడు ఆ పుల్లలు కడుక్కుని సంచిలో వేసుకున్నాను. ఎవరైనా ఏమైనా అనుకోనీ. ఆ మర్నాటి నుంచి మా ఇంట్లో పాపకి చిన్న పళ్లెంలో అన్నం, పప్పు, గుడ్డు ముక్కలు వేసి నేల మీద పెట్టి, పక్కనే నేను పుల్లలతో సేమ్యా ఉప్మా తినడం మొదలుపెట్టాను. మా అత్తగారు మొదటి రోజు చూసి ఊరుకున్నారు. రెండో రోజు ఊరుకోలేదు.

"ఏటమ్మా ఆ పుల్లల్తో కుస్తీ? సేతులు పడిపోయేయేటి? తల్లి పెట్టకపోతే పిల్ల ఎలాగ తింటాది? నీ మొగుడికి నాలుగేళ్లొచ్చినదాకా సంకనేసుకుని ఈది సివరదాకా తిప్పి పెట్టేను."

"డాక్టరమ్మ పెట్టొద్దందండి."

"మరి ఆ పుల్లలు కూడా డాక్టరమ్మే ఇచ్చిందేటి?"

నిజమే చెప్పాను. చేతులు ఖాళీగా ఉంటే ఆగలేనని, పాప నోటి దగ్గరికి వెళ్లిపోతాయని. ఆవిడ లోపలికి వెళ్లిపోయారు. ఆ రాత్రి అన్నాల వేళకి చింతపండు బుట్ట తెచ్చి నా ముందు పెట్టారు.

"గింజలు తియ్యి. సేతులు జిగురైపోతే పిల్ల మూతి కాడికి పోవు. పనైనా అవుద్ది."

ఆ నెలలో ఏడాదికి సరిపడా చింతపండు గింజలు తీశాను. అన్ని రోజులూ ఒకేలా గడవలేదు. ఒక రోజు పాప రెండు బిస్కట్లు తప్ప ఏమీ ముట్టలేదు. ఆ రోజంతా ఆసుపత్రి మంచం కళ్ల ముందు కదిలింది. ఇంకో రోజు జ్వరం వచ్చి లేచాక ఆగలేక ఫోన్ పెట్టి జావ తాగించాను. అది ఎవరికీ చెప్పలేదు. ఇంకో రోజు పళ్లెం మొత్తం ఖాళీ చేసి నా వైపు చూసింది. చింతపండు చేతులతో ఎత్తుకోబోతే "ఛీ" అంది.

నెల తిరిగాక వెళ్లాం. ఈసారి మా ఆయన వచ్చారు. తూకం మీద పాప కదులుతుంటే అంకె నిలబడలేదు. రెండు వందల గ్రాములు పెరిగింది. డాక్టరమ్మ రాసుకుని, "పరవాలేదు. పరీక్షలు ఇప్పుడొద్దు. రెండు నెలలు ఇలాగే చూద్దాం. ఫోన్ ముందే మానేశారు కాబట్టి తొందరగా దార్లో పడింది" అంది.

మా ఆయన తలూపారు. నేనూ తలూపి లేచి రావచ్చు.

"అప్పుడు మానలేదండి. మీకు అబద్ధం చెప్పాను" అన్నాను. "బుగ్గలు నొక్కి కూడా పెట్టేదాన్ని. ఈ నెలలో ఫోన్ ఒక్కసారే చూపించాను, జ్వరమప్పుడు."

మా ఆయన నా వైపు చూశారు. డాక్టరమ్మ కలం ఆపి, ఫైల్లో వెనక పేజీ తిప్పి, ఒక మాట కొట్టేసి ఇంకో మాట రాసింది. "చెప్పడం మంచిదైంది. అన్నీ సరిగ్గా చేస్తున్నా పిల్ల పెరగట్లేదనుకునే నేను పరీక్షలు రాద్దామనుకున్నాను" అంది.

ఇది రాస్తుంటే పాప పక్కగదిలో నిద్రపోతోంది. ఇవాళ సాయంత్రం తన చేత్తోనే తింది, సగం పారబోసింది. తిన్నాక లక్కపిడతలు ముందేసుకుని ఆడుకుంది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. గుడ్డబొమ్మకి మాత్రం ఇంకా బుగ్గలు నొక్కే పెడుతోంది.