నల్లమాడ దారిలో తడిసిన బూట్లు

శనివారం మధ్యాహ్నం రెండింటికి బెంగళూరులో కదిరి బస్సెక్కాను. మర్నాడు నల్లమాడ నుంచి కదిరి రోడ్డు మీద ఇరవై ఒక్క కిలోమీటర్లు పోయి, మళ్లీ నల్లమాడకే పరిగెత్తి రావాలి. అక్కడ ఓబులేసన్న వికలాంగుల మూడు చక్రాల బండ్లు బాగుచేస్తాడు. ఆయనకూ పోలియోనే. ఇరుసు విరిగితే బండి అతుకు కోసం అనంతపురం పోయి రావడానికి నెల పడుతుంది. అన్నాళ్లూ ఆ బండ్లలో తిరిగే పిల్లలు బడికి పోలేరు. అందుకే ఆయన షెడ్డుకు వెల్డింగ్ మిషను కావాలి. మా ఫ్యాక్టరీ వాళ్లు చందా ఇస్తామన్నారు, మొత్తం దూరం పూర్తి చేస్తేనే.

పక్క సీటు గొర్రెల వ్యాపారి సంగతి విని నవ్వాడు. "ఉరికితే దుడ్లిస్తారా? మా గొర్రెలు దినామూ ఉరుకుతాయి కదప్పా!"

కదిరిలో లాడ్జి గది ఎనభై రూపాయలు. నిద్ర పట్టలేదు. లేచి బూట్ల తాళ్లు విప్పి మళ్లీ కట్టాను. తెల్లవారి మొదటి బస్సుకు నల్లమాడ చేరి, రెండు అరటిపండ్లు తిని, ఆరున్నరకు బయల్దేరాను.

పోయేటప్పుడు దారి ఖాళీ. ఎండిన వేరుశనగ చేలో ఒక పెద్దాయన మాత్రం కేకేశాడు. "ఏమప్పా, ఎవరన్నా తరుముతాండారా?"

తిరిగి వచ్చేటప్పటికి, ఎవరో వాన కోసం మొక్కుకొని ఉరుకుతున్నాడని బస్సుల్లో కబురు నాకంటే ముందు పోయింది. మొదటి పల్లెలోనే ఆడవాళ్లు బిందెలతో నిలబడి ఉన్నారు. ఆ పక్క మొక్కుకొని కాలినడకన పోయేవాళ్ల పాదాల మీద నీళ్లు పోస్తారు. నేను వద్దనేలోపే రెండు బూట్లూ నిండిపోయాయి. రెండో పల్లెకు మడమలు బొబ్బలెక్కాయి. మూడో పల్లెలో ఒక అవ్వకు చేతులు జోడించాను.

"వాన కోసం మొక్కు కాదవ్వా. నడవలేని పిల్లల బండ్ల కోసం."

"నీ కోసమైతే కాదు కదా?"

"కాదు."

"అయితే మొక్కే. కాళ్లు చాపు."

ఇంకా ఎనిమిది కిలోమీటర్లు ఉండగా బొబ్బలు చితికాయి. రాయి మీద కూర్చుంటే లేవగలనన్న నమ్మకం లేక, నిలబడే అటూ ఇటూ ఊగుతున్నాను. ఎదురుగా ఓబులేసన్న చేతులతో పెడల్ తిప్పుకుంటూ వచ్చాడు.

"ఏం తమ్ముడూ, పెండ్లికూతురి మాదిరి అడుగులేస్తాండావు? ఆ బూట్లు ఇప్పి నా బండిలో పడెయ్."

విప్పేశాను. పదకొండు గంటల ఎండకు తారు పెనంలా ఉంది. తర్వాతి పల్లెలో బిందె కనబడగానే నేనే పోయి పాదాలు చాపాను. తడి ఆరేదాకా పరుగు, ఆరాక కుంటడం. నల్లమాడ చేరేసరికి పన్నెండున్నర.

షెడ్డు ముందు ఉగ్గాని, బజ్జీలు తిన్నాను. ఓబులేసన్న నా పాదాలు చూసి, "మిషను వచ్చినాక మొదటి బండి నీకే చేస్తాలే," అన్నాడు.

నాలుగు గంటల బస్సులో తిరుగు ప్రయాణం. ఈ దారిన పరిగెత్తదలచినవాళ్లు వట్టికాళ్ల నడక అలవాటు చేసుకుని రండి. నీళ్లు మోసుకురావద్దు.

మూడో పల్లె దగ్గర బస్సు ఆగింది. రోడ్డుకు అడ్డంగా నీళ్ల ట్యాంకరు.

"నాలుగు దినాలకొకసారి వస్తాది. కొంచెం తాళండి," అన్నాడు కండక్టరు.

ట్యాంకరు గొట్టం దగ్గర ఇద్దరు ఒకే బిందె చోటు కోసం జుట్లు పట్టుకునేటట్లు అరుచుకుంటున్నారు. అందులో ఒకామె, నన్ను కాళ్లు చాపమన్న అవ్వ.