ఆరుగురితో ఆడిన ఆట

నిన్న మా మనవరాలు బడి నుంచి వచ్చి బూట్లు మూలకు విసిరేస్తే, అడగ్గా అడగ్గా చెప్పింది: ఏదో యంత్రం మీద నిలబెట్టి, ఒంట్లో కొవ్వు ఎక్కువుందని తేల్చి, పరుగు పందెంలోంచి పేరు తీసేశారట. పరిగెత్తించి చూశారా అంటే లేదంది. నాకు ఒళ్ళు మండిపోయింది. పదో తరగతితోనే చదువు ఆగినా, పాత పుస్తకాలు కొనుక్కుని ఒంటి సంగతులు నాకు నేనే నేర్చుకున్నవాణ్ణి. కొవ్వు వేరు, దమ్ము వేరు. ఆ ముక్క నాకు పుస్తకాలకన్నా ముందే తెలుసు.

ఎనభైల మొదట్లో నూజివీడు పక్కన మా మేనమామ మామిడితోటలో పనిచేసేవాణ్ణి. నేను లావు. కొమ్మ విరుగుతుందని చెట్టెక్కనిచ్చేవారు కాదు. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో లారీలు తోటలోపలికి వచ్చేవి కావు. సన్నటివాళ్ళంతా కొమ్మల నీడలో కూర్చుని గెడలకు కట్టిన చిక్కాలతో కాయలు దించుతుంటే, వాటిని గంపకెత్తి, దున్నిన నేల మీదుగా రోడ్డు దాకా మోసేది నేను. బంగినపల్లి, రసాలు, కలెక్టరు కాయలు, అన్నీ అయ్యేదాకా వేసవంతా అదే పని. పొట్ట పొట్టలాగే ఉండేది గానీ, గంపతో పరుగందుకున్నా ఆయాసం నా దరికి వచ్చేది కాదు. చెట్ల మీద వాళ్ళ కబుర్లూ నవ్వులూ వెనక వినిపిస్తుంటే, ఒక్కణ్ణే ఎండలో నడిచేవాణ్ణి.

మేనమామ కొడుకు, నాకంటే పెద్దవాడు, మా ఊరి కబడ్డీ జట్టుకు కెప్టెన్. ఆ జట్టులో ఒక్కసారి ఆడాలని నాకు ప్రాణం కొట్టుకునేది. అడిగినప్పుడల్లా నా పొట్ట మీద తట్టి, “నువ్వు కూత పెడితే గీత దాటకముందే ఆగిపోద్ది కదరా బామ్మర్దీ,” అని పదిమందినీ నవ్వించేవాడు.

హనుమాన్ జంక్షన్‌లో పోటీలకు ఏడుగురే వెళ్ళారు. నేను వేరే బస్సులో వెళ్ళి, తాడుకు ఇవతల జనంలో నిలబడ్డాను. రెండో సగంలో మావాళ్ళలో ఒకడు, అందరిలోకీ సన్నటివాడు, ఊపిరందక కూలబడ్డాడు. మీ ఊరివాడు ఇంకొకడెవరైనా ఉన్నాడా అని రిఫరీ అడిగాడు. బావ జనంలోకి చూశాడు. నన్ను చూశాడు. నేనప్పటికే చెప్పులు విడిచేసి, చొక్కా గుండీలు విప్పుకుంటున్నాను.

“లేడండీ. ఆరుగురితోనే ఆడతాం,” అన్నాడు.

ఓడిపోయారు. వాళ్ళ కంటబడకుండా గుండీలు పెట్టుకుని బస్సెక్కాను. మర్నాడు తోటలో ఆట గురించి ఎంతెంతో చెప్పుకున్నారు గానీ, ఆ ఒక్క మాట ఎవరూ ఎత్తలేదు. బావ పోయి ఏళ్ళయింది, ఎందుకలా అన్నావని అడగడానికి కూడా మనిషి లేడు.

ఇప్పుడు ట్రాక్టరు చెట్టు కిందికే వస్తుంది, ఎవరూ అంత దూరం మోయనక్కర్లేదు, మంచిదే. కానీ ఆ రోజుల్లో ఊరంతా నన్ను చేతకానివాడన్నా, గంప దించి మామూలుగా ఊపిరి తీసుకున్నప్పుడల్లా నా సంగతి నాకు తెలిసేది. లావైనా, సన్నమైనా, తనలో ఎంత దమ్ముందో తనకు తెలిసే చోటు ఇప్పటి పిల్లలకు ఎక్కడుందో మీరైనా చెప్పండి.