ముహూర్తం నాడు దాచిన కాలు

తేడా ఉందని మొదట గమనించింది నేను కాదు, కాస్ట్యూమర్ యాదగిరి. ఫిల్మ్‌నగర్ గుడి ఆవరణలో ఆ రోజు నా సినిమా ముహూర్తం. పద్దెనిమిదేళ్లు కో-డైరెక్టర్‌గా మైకు పట్టుకుని అరిచాక, నలభై తొమ్మిదో ఏట దొరికిన మొదటి సినిమా. ఎండలు మండిపోతున్నాయి. హీరోగారు రెండు గంటలు ఆలస్యం. పూజ కదా, అంతసేపూ కెమెరా పక్కనే వట్టి కాళ్లతో బండల మీద నిలబడ్డాను. నీడలోకి వెళితే ఆ చోటు ఇంకెవరిదో అవుతుందని భయం కాబోలు. అసిస్టెంట్లు వరసగా వచ్చి కాళ్లకు దండం పెడుతుంటే కడుపు నిండిపోయింది.

కొబ్బరికాయ కొట్టాక యాదగిరి చెప్పులు తెచ్చాడు. వేసుకుందామని కాలెత్తగానే కింద వంగినవాడు అలాగే ఉండిపోయాడు.

"సార్, అరికాలంత బొబ్బలెక్కింది. మీకు మంట తెలుస్తలేదా?"

తెలియలేదు. పదేళ్లుగా షుగర్. గుర్తున్నప్పుడు మాత్ర వేసుకునేవాణ్ణి. ఎవరికీ చెప్పొద్దని యాదగిరి చేత ఒట్టు వేయించుకున్నాను.

ఆ రాత్రి ఇంట్లో బొబ్బలు చూసేసిన నా భార్య సుజాత, మర్నాడు బలవంతాన బంజారా హిల్స్‌లో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ నన్ను కళ్లు మూసుకోమని, సన్నటి పుల్లతో అరికాలు నొక్కుతూ "ఇక్కడ తెలుస్తోందా?" అని అడిగారు. ఆవిడ ఇంకా మొదలుపెట్టలేదనుకున్నాను నేను.

"న్యూరోపతి. షుగర్ వల్ల కాలి నరాలు మొద్దుబారాయి. మూడు వారాలు కాలు కింద పెట్టొద్దు, కంప్లీట్ రెస్ట్. నొప్పి లేదు కాబట్టి మీరు నడిచేస్తారు. నా భయమల్లా అదే" అన్నారు.

షూటింగ్‌కు తొమ్మిది రోజులే ఉన్నాయి. మా సినిమావాళ్లకు సెంటిమెంట్లు ఎక్కువ. ఒకప్పుడు చేతికి కట్టుతో వచ్చిన మేనేజర్ని, అపశకునం, ముహూర్తం దగ్గర ఉండొద్దని గేటు బయటికి పంపించింది నేనే. నాకూ అదే గతి పడుతుందనుకున్నాను. కట్టు మీద సాక్సు, దాని మీద బూటు తొడుక్కుని సెట్‌కు వెళ్లాను.

"కాలు మీదేనండీ. చాకిరీ చేయాల్సింది మాత్రం నేను" అంది సుజాత, గుమ్మంలో నిలబడి.

షూటింగ్ ఆరో రోజు చలిజ్వరం వచ్చింది. బూటు విప్పితే వాసన. కాలికి రక్తం అందుతోందా అని డాప్లర్, తర్వాత ఎమ్మారై తీశారు. ఇన్ఫెక్షన్ ఎముకకు పాకింది, ఆస్టియోమైలైటిస్ అన్నారు. రెండు వేళ్లు తీసేస్తే పాదం దక్కుతుందన్నారు. తీసేశారు. కుట్లు మానలేదు, కుళ్లిన కండ తీసేయడానికి మళ్లీ డిబ్రైడ్‌మెంట్. ఐదు వారాలు ఆసుపత్రి మంచం మీదే. ఏడుపు రాలేదు. విసుగొచ్చింది, నా మీద నాకే.

ఒక సాయంత్రం నిర్మాతగారు వచ్చారు. షేక్‌పేట మనిషి, స్థలాల వ్యాపారం నుంచి సినిమాల్లోకి వచ్చినాయన. యాపిల్ పళ్లు బల్ల మీద పెట్టి, సినిమా వేరే డైరెక్టర్‌కు ఇచ్చేశానని మెల్లగా చెప్పారు.

"కుంటివాడు కలిసిరాడనా అండీ?" అన్నాను.

"కాలు ఖరాబైందని గాదు డైరెక్టర్ సాబ్. చెప్తే నెల ఆగేటోణ్ణి. మీరు దాచిండ్రు. రేపు షూటింగ్‌ల ఇంకేదన్న తప్పయితే అది గూడ దాస్తరు. నేనెట్ల నమ్మాలె?"

ఆయన గొంతులో కోపం లేదు. అందుకే ఇంకా బాధేసింది. పదవి వస్తే మనిషి మారిపోతాడంటారు. నేను మారలేదు. పద్దెనిమిదేళ్లుగా మోసిన భయాన్నే తీసుకెళ్లి డైరెక్టర్ కుర్చీలో కూర్చోబెట్టాను.

ఇది జరిగి మూడేళ్లయింది. ఇప్పుడు షుగర్ అదుపులో ఉంది. ఇంట్లో కూర్చుని వేరేవాళ్ల సినిమాలకు షెడ్యూళ్లు వేసిస్తున్నాను. ఆశ చావలేదు గానీ దాని వెంట పరుగెత్తే ఓపిక లేదు. మొన్న ఒక కొత్త నిర్మాత కథ ఉందా అని అడిగాడు. కథకన్నా ముందు కాలు సంగతి చెప్పాను. మళ్లీ ఫోన్ చేస్తానన్నాడు. ఇంకా చేయలేదు.

షుగర్ ఉన్నవాళ్లకు ఒక్కటే చెబుతాను. అరికాళ్లు రోజూ ఇంట్లో ఇంకొకరికి చూపించండి. మనమే చూసుకుంటే, పని ఉన్న రోజున పుండు కూడా కాస్త గీరుకుపోయినట్టే కనిపిస్తుంది.