కామారెడ్డి దాకా ఆగని హారన్

2012లో, నాకు పెళ్లయిన కొత్తలో జరిగిందిది. ఎల్లారెడ్డిలో మా ఆయన ఒక పాత వ్యాను కొన్నాడు. దాని హారన్ పిల్లి అరిచినట్టుందని, కామారెడ్డిలో మెకానిక్ యాదన్న దగ్గర చౌకగా పాత లారీ హారన్ బిగించుకొచ్చాడు.

"వ్యానుకు లారీ హారన్ ఏందయ్యా, అందరు నవ్వుతరు!" అని ఒకటే పోరు పెట్టాను.

మర్నాడే మా అక్కకు నొప్పులొచ్చాయి. రెండో కాన్పు. వ్యానులో పడుకోబెట్టి కామారెడ్డి ఆస్పత్రికి బయలుదేరాం. ఊరు దాటగానే గొర్రెల మంద అడ్డొచ్చింది. మా ఆయన హారన్ నొక్కాడు. అంతే, గుద్దినా పీకినా అది ఆగితే ఒట్టు! ఏ వైరు తెంపాలో ఆయనకు తెలియదు.

"అది మొత్తుకుంటే మొత్తుకోనీ, బండి మాత్రం ఆపకుర్రి!" అని అక్క అరిచింది.

ఇక చూడాలి! బస్సులు, ట్రాక్టర్లు అన్నీ పక్కకు జరిగాయి. నేను కిటికీలోంచి అందరికీ దండాలు పెడుతూనే ఉన్నాను.

ఆస్పత్రి చేరగానే అక్కను లోపలికి తీసుకెళ్లారు. బయట హారన్ మోత ఆగలేదు.

"ఓ అన్నా, పేషెంట్లు గుండె ఆగి సస్తరు, బంద్ చెయ్యి!" అని నర్సమ్మ కేకలేసింది.

అంతలో యాదన్న కటింగ్ ప్లేయర్‌తో పరుగెత్తుకొచ్చాడు. "బజార్ల ఇనంగనే గుర్తువట్టిన. గిది నేను బిగించిందే!" అంటూ వైరు కత్తిరించాడు.

ఒక్కసారిగా అంతా నిశ్శబ్దం. అప్పుడు వినిపించింది, లోపల్నుంచి పసిపాప ఏడుపు! నవ్వుతూ, ఏడుస్తూ యాదన్న చేతులు పట్టుకున్నాను.

ఇప్పటికీ వెనక ఏ బండి ఆగకుండా హారన్ కొట్టినా నేను తిట్టను. లోపల ఎవరున్నారోనని ముందు దారిమ్మంటాను.