ఇరవయ్యో నిమిషంలో చిటపట

వీధిలో అందరూ ఆమెను కండక్టరమ్మ అనే పిలుస్తారు. ఇరవై ఆరేళ్లు బస్సులో స్టాపుల పేర్లు కేకవేసిన గొంతు ఆమెది. రిటైరయ్యాక ఆ గొంతుకు దేవుడు ఇంకో పని చూపించాడు. చూపులేని పిల్లల కోసం పాఠాలు చదివి, ఇంట్లో కంప్యూటర్లో రికార్డు చేసి పంపుతుంది. మైకు ముందు కూర్చోగానే కళ్లు మూసుకుని ఒక్క దణ్ణం పెట్టుకుంటుంది. ఆ తర్వాత ఎవరు పిలిచినా పలకదు.

ఆ మధ్యాహ్నం చదివింది చరిత్రలో చివరి పాఠం. నలభై నిమిషాలు పట్టింది. ఆ పాఠాలు వినేవాళ్లలో ఒక అమ్మాయికి మర్నాడు పొద్దున్నే ఉద్యోగ పరీక్ష. ఆ సాయంత్రం నాలుగున్నరకు రైలెక్కితే దారిలో సిగ్నల్ సరిగా ఉండదు. నాలుగింటికల్లా పాఠం ఫోన్లోకి చేరాలి, లేకపోతే వినకుండానే పరీక్ష రాయాలి.

రెండింటికి చదవడం ముగించి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని విన్నది. ఇరవయ్యో నిమిషం దాకా గొంతు తేటగా ఉంది. అక్కడినుంచి మొదలైంది చిటపట, కాలిన పెనం మీద నీళ్లు చిలకరించినట్టు. సగం మాటలు ఆ చప్పుడులో కలిసిపోయాయి.

బజారులో కంప్యూటర్లు బాగుచేసే మెకానిక్‌కు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది. అన్నం తింటున్నవాడు కంచం పక్కకు జరిపిన చప్పుడు వినిపించింది.

"తిన్నాక చేద్దువులే తమ్ముడూ."

"అన్నం ఎక్కడికీ పోదక్కా. కొత్తగా ఏమైనా మార్చారా?"

ఆమె గుమ్మం వైపు చూసింది. వడ్రంగి పని చేసే భర్త అక్కడే నిలబడి ఉన్నాడు. కంప్యూటర్ ఫ్యాను రొద పాఠంలో పడుతోందని ఆమె ఒకసారి అన్నందుకు, నిన్నంతా కూర్చుని సీపీయూకు చెక్క పెట్టె చేశాడు. లోపల పాత దుప్పటి పరిచి, వైర్లకు మాత్రం కన్నం వదిలి, మూత మేకులతో బిగించాడు. పాఠం మొదలుపెట్టినప్పుడు ఫ్యాను చప్పుడే లేదని అతని ముఖం వెలిగిపోయింది.

"ఏం మార్చలేదు," అన్నది ఆమె.

"అయితే సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లోకి వెళ్లి బఫర్ సైజు పెంచండి. కంప్యూటర్‌కి కాస్త ఊపిరి ఆడుతుంది. నెట్ ఆపండి. మైకు వైరు వేరే చోట గుచ్చండి."

అన్నీ చేసింది. బాగున్న మొదటి సగం అలాగే ఉంచి, రెండో సగం హెడ్‌ఫోన్లలో వింటూనే మళ్లీ చదవసాగింది. ఈసారి అయిదో నిమిషానికే చిటపట. గడియారం రెండూ నలభై చూపిస్తోంది.

"తమ్ముడూ, ముందుకంటే తొందరగా వచ్చేసింది."

"మీరు దిగమంటే జనం దిగుతారేమో గానీ ఇది దిగేలా లేదక్కా. ఇందాక ఇరవై, ఇప్పుడు అయిదా? అయితే వేడెక్కుతోంది. సీపీయూకు గాలి తగులుతోందా?"

ఆమె చెక్క పెట్టె వైపు చూసింది. గోడ గడియారం ముల్లు ఒక గీత దాటింది.

"పెట్టె చేశాను కదే, అది చెప్పవేం?" అన్నాడు భర్త.

"చెక్క సామానేగా అనుకున్నాను."

"అనుకోలేదు. నేను చిన్నబుచ్చుకుంటానని దాచావు." అంటూనే అతను పట్టుకారుతో మేకులు పీకుతున్నాడు. మూత లేవగానే వేడి గాలి ముఖానికి కొట్టింది. "అయ్యో, లోపల ఉడికిపోయిందే."

మెకానిక్ ఫోన్లోంచే చెప్పాడు. "మిషన్ ఆపేసి, అరగంట ముట్టుకోకండి. వేడెక్కితే అది నెమ్మదిస్తుంది, మాట అందుకోలేక చిటపటలాడుతుంది."

అరగంట. భర్త దుప్పటి లాగేసి, పాత పేపరు మడిచి విసురుతూ కూర్చున్నాడు. "నిన్ననే నువ్వు గాలి గురించి అడిగి ఉంటే రెండు కన్నాలు పెట్టేవాణ్ని," అన్నాడొకసారి. కాసేపటికి, "నేనే అడగాల్సింది," అన్నాడు. ఆమె పుస్తకం ఒళ్లో పెట్టుకుని పెదవులు కదుపుతోంది. అది పాఠమో ప్రార్థనో అతను అడగలేదు.

మూడూ పదికి మళ్లీ మొదలుపెట్టింది. ఫ్యాను రొద వినిపిస్తున్నా ఆగలేదు. అయిదో నిమిషం దాటింది. పదోది దాటింది. భర్త గుమ్మంలో కూర్చుని, వీధిలో హారన్ కొట్టబోయిన బండివాడికి చేత్తో సైగ చేశాడు. వాడు హారన్ మీది చెయ్యి తీసి, బండి తోసుకుంటూ వెళ్లిపోయాడు. మూడున్నరకు చివరి వాక్యం పూర్తయింది. చిటపట లేదు. రెండు ముక్కలూ అతికించి, నెట్ కలిపి పంపడం మొదలుపెట్టింది. తెర మీద గీత నత్తలా కదిలింది. ఎనభై శాతం దగ్గర ఆగింది. మూడూ యాభై ఆరుకు వెళ్లిపోయింది.

నాలుగుంబావుకు స్టేషన్ గోలలోంచి అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, వచ్చింది. ముందుకు జరుపుతూ చివరిదాకా విన్నాను, అంతా వినపడుతోంది. ఒప్పందాలు రెండున్నాయి కదా, ఏది ముందు?"

కండక్టరమ్మ పేజీ తిప్పి, రెండు సంవత్సరాలూ వత్తి వత్తి చదివింది.

"మళ్లీ చెప్పనా?"

"వద్దమ్మా, నేను చెప్తాను, వినండి." అమ్మాయి రెండూ తప్పులేకుండా చెప్పింది. రైలు కూత దగ్గరపడింది, ఫోన్ తెగిపోయింది.