ట్యూబు మారలేదు

మా వీధి చివర ఆస్పత్రిలో, రక్తపరీక్షల గదిలో పనిచేసే ఆవిడను అందరూ మొండక్క అంటారు. చాటుగా ఏం కాదు, అలా పిలిస్తేనే పలుకుతుంది. ఇరవై రెండేళ్ళుగా అదే కిటికీ పక్కన, అదే మెషీన్ ముందు ఆవిడ ఉద్యోగం. రక్తం తీశాక, మనిషి కుర్చీలోంచి లేవకముందే ట్యూబు మీద పేరు రాస్తుంది. రాసింది వాళ్ళ చేతే పైకి చదివిస్తుంది, వెనక క్యూ ఎంత గొణిగినా సరే. మా పాప ట్యూబు నేనే చదివాను.

మూడేళ్ళ పాపకు నాలుగు నెలలు ఐరన్ టానిక్కు పోసినా రక్తం పెరగలేదు. మొండక్క పరీక్షిస్తే హిమోగ్లోబిన్ ఏ2 అనే రకం ఉండాల్సిన దానికంటే ఎక్కువ కనిపించింది. తలసీమియా జన్యువు ఒకటి మోసేవాళ్ళలో కనిపించే గుర్తు అది. ఖాయం చేసుకోవడానికి, ఆ లోపం మామూలుగా ఉండే బీటా గ్లోబిన్ జన్యువును చదివించారు. అందులో ఏ తప్పూ లేదు. నేను ఊపిరి పీల్చుకునేలోపే ల్యాబ్ పెద్దాయన తేల్చేశాడు: జన్యువు బాగుందంటే మొండక్క పరీక్షలో ట్యూబు మారిందన్నమాటే. రిజిస్టర్లో అలాగే రాసి, "నా నిర్లక్ష్యం వల్ల" అని ఒక కాగితం టైపు చేయించి మొండక్క ముందు పెట్టాడు. సంతకం పెడితే ఆవిడను మెషీన్ దగ్గర నుంచి తీసి స్టోరు గదికి పంపుతారని అక్కడ అందరికీ తెలుసు.

ఆవిడ పెట్టలేదు. నాకు ఫోన్ చేసి పాపను తీసుకుని రమ్మంది.

ఈసారి పెద్దాయన కళ్ళ ముందే రక్తం తీసింది. నంబరు మళ్ళీ అదే. నాదీ తీసింది, నాదీ ఎక్కువే. అయితే మెషీనే పాడై ఉంటుందన్నాడాయన.

మొండక్క కొత్త సూది విప్పింది. "చెయ్యి చాపండి సార్."

"నాకెందుకమ్మా?"

"మెషీన్ పాడైతే మీక్కూడా ఎక్కువే రావాలిగా. భయమైతే పాప మీ పక్కన నిలబడుతుంది. తనేం ఏడవలేదు."

ఎవరూ నవ్వలేదు గానీ, అందరూ ఏదో ఒక పని వెతుక్కున్నారు. ఆయన చెయ్యి చాపాడు. ఆయన నంబరు నిక్షేపంలా ఉంది.

అప్పుడు గానీ మా ఇద్దరి రక్తాన్ని, జన్యువులన్నీ చదివే పెద్ద పరీక్షకు పంపలేదు. ఆరు వారాలు పట్టింది. పాప కనురెప్పల కింద ఎరుపు ఉందో లేదో నేను చూడని పూట లేదు. కాగితం మాత్రం మొండక్క బల్ల మీద సంతకం లేకుండానే ఉంది.

తేడా ఎస్‌యూపీటీ5హెచ్ అనే జన్యువులో దొరికింది. జన్యువు నుంచి ఆర్‌ఎన్‌ఏ నకలు తీసే ఎంజైము దారి మధ్యలో ఆగిపోకుండా, దాన్ని చివరిదాకా నడిపించే ప్రొటీన్ ఒకటుంది. ఆ ప్రొటీన్‌ను తయారుచేయించే జన్యువది. పాపలోనూ నాలోనూ దాని రెండు ప్రతుల్లో ఒకటి చెడింది. అందుకే బీటా గ్లోబిన్ జన్యువు తనలో ఏ లోపమూ లేకుండానే తక్కువ పని చేస్తోంది. నా కాలేజీ చదువులో ఈ ప్రొటీన్ ఒక్క పేరాలో వచ్చి పోయింది. దాని లోపం మా ఇంట్లోనే ఉందని ఏనాడూ అనుకోలేదు. ప్రమాదమేమీ లేదు, టానిక్కు మానేయండి అన్నారు డాక్టర్.

పెద్దాయన చెడ్డవాడు కాదు. మొండక్కను పిలిచి, అంతా సవ్యంగా తేలింది కదా, ఆ కాగితం చించేయమన్నాడు.

"చించితే సరిపోతుందా సార్? ట్యూబు మారిందని రిజిస్టర్లో రాసింది మీరు. మారలేదని రాయాల్సిందీ మీరే."

పనుంది, తర్వాత చూద్దామన్నాడు. ఆవిడ వెళ్ళలేదు. రిజిస్టర్ ఆయన ముందు తెరిచి నిలబడింది. రిపోర్టు కోసం వచ్చిన నేనూ పాపను ఎత్తుకుని ఆవిడ పక్కన నిలబడ్డాను. చివరికి ఆయన రాశాడు. మొండక్క వంగి మొత్తం చదివింది.

"తేదీ కూడా వెయ్యండి," అంది.